సీఈఓ మారితే కంపెనీ నిజంగా మారుతుందా?

ఎంబీఏ పాఠకుడు:
సీఈఓ జీతాల మీద చర్చ వచ్చినప్పుడల్లా ఆర్థికవేత్తలు బెర్ట్రాండ్, షోర్ 2003లో రాసిన పరిశోధన పేపర్ నాకు గుర్తొస్తుంది. కంపెనీలు మారిన మేనేజర్లను వాళ్లు వెంబడించి చూశారు. అప్పులు, టేకోవర్ల లాంటి విషయాల్లో పాత చోట చూపిన ధోరణి కొత్త చోటా కనిపించింది. మనిషిని బట్టే కంపెనీ నడుస్తుందని నా అభిప్రాయం. కాదనేవాళ్లు ఎందుకో చెప్పండి.

లెక్కల మాస్టారు:
నేను కాదంటానండి. బోర్డు సీఈఓని చీటీ తీసి ఎంపిక చేయదు. అప్పు తగ్గించాలని ముందే నిశ్చయించుకున్న బోర్డు, ఆ పనిలో పేరున్న మనిషినే తెచ్చుకుంటుంది. తర్వాత అప్పు తగ్గితే ఆ ఘనత సీఈఓదా, బోర్డుదా? ఈ చిక్కు విడదీయడానికే ఫీ, హాడ్‌లాక్, పియర్స్ అనే పరిశోధకులు 2013లో మరణం, అనారోగ్యం లాంటి కారణాలతో సీఈఓ తప్పుకున్న సందర్భాలను వేరుగా చూశారు. అక్కడ కంపెనీ విధానాలు మామూలును మించి మారలేదు. మిగతా మార్పిళ్ల తర్వాతే పెద్ద తేడాలు కనిపించాయి.

వాటాదారు:
సొంత ధోరణి కనబడలేదంటే ప్రభావమే లేదని కాదు కదా మాస్టారూ! డెన్మార్క్ కంపెనీల మీద బెనెడ్‌సెన్ బృందం చేసిన పరిశోధన 2020లో అచ్చయింది. సీఈఓ ఆసుపత్రిలో చేరినప్పుడు ఏం జరిగిందో చూశారు. అదే మనిషి, అదే కంపెనీ కాబట్టి మీరన్న ఎంపిక చిక్కు లేదు. లాభాలు, పెట్టుబడులు దెబ్బతిన్నాయి. మిగతా పెద్ద అధికారులు ఆసుపత్రి పాలైతే పనితీరు అలా దెబ్బతినలేదు.

లెక్కల మాస్టారు:
మంచి ఆధారమే, కాదనను. కానీ ఆ ప్రభావం వేగంగా పెరుగుతున్న కంపెనీల్లో, కుటుంబాల చేతిలో ఉన్నవాటిలో ఎక్కువ. పైగా, ఉన్న మనిషి హఠాత్తుగా లేకపోతే నష్టమని తేలింది, అంతే. అంతే సమర్థుడు మరొకరు ఆ కుర్చీలో స్థిరంగా కూర్చుంటే ఏమవుతుందో అందులో తెలియదు. పెద్ద లిస్టెడ్ కంపెనీల జీతాలను సమర్థించడానికి అది చాలదు.

ఆడిట్ డెస్క్:
జీతాల దగ్గర అసలు సమస్య వేరే ఉంది. 2001లో బెర్ట్రాండ్, ముల్లైనాథన్ చమురు కంపెనీలను పరిశీలించారు. చమురు ధర పెరగడం సీఈఓ గొప్పతనం కాదు. అయినా అలా వచ్చిన లాభానికీ, మామూలు లాభానికీ జీతం దాదాపు ఒకేలా పెరిగింది. బోర్డులో పెద్ద వాటాదారు ఉన్నచోట ఈ తీరు తగ్గింది. అందుకే జీతాన్ని అదే రంగంలోని ఇతర కంపెనీల ఫలితాలతో పోల్చి నిర్ణయించాలని వాటాదారులు పట్టుబట్టాలి.

వాటాదారు:
పోలికకు ఏ కంపెనీలను తీసుకోవాలో తేల్చేదీ బోర్డే కదండీ? బలహీనమైనవాటినే ఎంచుకుంటే ఎవరు అడ్డుకుంటారు?