కొత్త ల్యాప్‌టాప్‌లో లైనక్స్: విండోస్ పూర్తిగా తీసేయాలా, పక్కన ఉంచుకోవాలా?

టవర్‌క్లాక్_కుర్రోడు (అనంతపురం)
అన్నలూ, అక్కలూ, ఒక పంచాయితీ తీర్చండి. ఇంజినీరింగ్ రెండో ఏడు చదువుతున్నా. నాన్న కొత్త ల్యాప్‌టాప్ కొనిచ్చాడు, విండోస్ 11తో వచ్చింది. 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ. హాస్టల్లో సీనియరేమో "విండోస్ ఎత్తేసెయ్, లైనక్స్ ఒక్కటే ఉంటే చచ్చినట్టు నేర్చుకుంటావు" అంటాడు. షాపాయన "లైనక్స్ వేస్తే వారంటీ పోతుంది" అని కొన్నరోజే బెదిరించాడు. సీనియర్ ఇచ్చిన పెన్‌డ్రైవ్‌లో డెబియన్ 12 అనే లైనక్స్ రకం ఉంటే, ఇన్‌స్టాల్ చేయకుండా లైవ్‌లో తెరిచి చూశా. సౌండ్, టచ్‌ప్యాడ్ బానే ఉన్నాయి. వైఫై మాత్రం లేదు. ఆఫ్‌లో ఉండడం కాదు, సెట్టింగ్స్‌లో ఆ ఊసే లేదు. విండోస్‌లో అదే వైఫై పరుగెడుతోంది. చిప్ పేరు రియల్‌టెక్ ఆర్‌టీఎల్ 8852బీఈ. చిప్పే చెడ్డదా, లైనక్సే ఇంతా?

బురుజు_కాడ (కర్నూలు)
మీ సీనియర్ చెప్పిందే రైటప్పా. తీసెయ్. రెండూ పెట్టుకున్నోడు మొదటి వారం లైనక్స్‌లో ఉంటాడు, వైఫై తిక్క చేస్తే విండోస్‌కి పోతాడు, ఇంక వెనక్కి రాడు. మా బ్యాచ్‌లో అందరిదీ అదే కథ. పైగా రెండు పడవల మీద కాళ్లు పెట్టినోళ్లకి 2024 ఆగస్టులో ఏమైందో గుర్తుందా? విండోస్ అప్‌డేట్ ఒకటి వచ్చింది. తెల్లారి లైనక్స్ తెరుద్దామంటే "సెక్యూరిటీ పాలసీ వయలేషన్" అని చూపించి మెషీన్ ఆగిపోయింది. మనం వేసుకున్నదాన్ని పక్కింటోడు వచ్చి ఆపడమేంది?

లెక్చరరమ్మ (కడప)
బురుజు గారూ, ఆ అప్‌డేట్ సంగతి నిజమే. అది పాత బూట్‌లోడర్లను, అంటే ఆన్ చేయగానే సిస్టమ్‌ని లేపే ప్రోగ్రాములను, నమ్మొద్దని మదర్‌బోర్డుకే చెప్పింది, రెండు సిస్టమ్‌లూ ఉన్న డ్యూయల్ బూట్ మెషీన్లకు తగలదని మైక్రోసాఫ్ట్ వాళ్లన్నారు కానీ చాలామందికి తగిలింది. అంతమాత్రాన రెండో ఏడు పిల్లాడిని విండోస్ తుడిచెయ్యమంటారా? ప్లేస్‌మెంట్ టెస్టులు ఎవరు రాస్తారు? సేఫ్ ఎగ్జామ్ బ్రౌజర్ అని ఒకటుంది, చాలా పరీక్షలకు వాడతారు. విండోస్‌కి ఉంది, మ్యాక్‌కి ఉంది, ఐప్యాడ్‌కి కూడా ఉంది. లైనక్స్‌కి లేదు. పరీక్ష పొద్దున పక్క రూమ్‌లో ల్యాప్‌టాప్ అడుక్కోవడం నేను కళ్లారా చూశాను, ఆ టెన్షన్ వద్దు.

వారంటీ విషయానికొస్తే, కీబోర్డో స్క్రీనో పాడైతే లోపల ఏ సాఫ్ట్‌వేర్ ఉందన్నది దానికి సంబంధం లేదు. కాకపోతే సర్వీస్ సెంటర్‌లో కుర్రాళ్లకు వాళ్ల టెస్టింగ్ ప్రోగ్రామ్ విండోస్‌లోనే తెలుసు. విండోస్ లేకపోతే "మీ లైనక్స్ వల్లే" అని ఒక ముక్క రాసి పంపేస్తారు. వాళ్లతో వాదించే ఓపిక మీకుంటే తీసెయ్యండి.

సీమ_కెర్నల్ (అనంతపురం)
అసలు ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు. తమ్ముడూ, చిప్ మంచిదే, లైనక్సూ మంచిదే. తేదీలు చూడు. డెబియన్ 12 వచ్చింది 2023 జూన్‌లో. అందులో కెర్నల్, అంటే లైనక్స్ గుండెకాయ, 6.1, అది 2022 డిసెంబరుది. నీ 8852బీఈకి డ్రైవర్, అంటే చిప్‌ని నడిపే ప్రోగ్రామ్, చేరింది 6.2లో, అంటే 2023 ఫిబ్రవరిలో. ఒక్క మెట్టు తేడా! విండోస్‌లో కంపెనీవాళ్లు డ్రైవర్ ముందే వేసి ఇస్తారు. లైనక్స్‌లో డ్రైవర్ కెర్నల్ లోపలే ఉంటుంది, కెర్నల్ పాతదైతే కొత్త చిప్ దాని కంటికి ఆనదు. డెబియన్ అంటే ఉన్నదాన్ని కదిలించకుండా ఏళ్లపాటు నడిపే బాపతు. సర్వర్‌కి అది వరం, నిన్న కొన్న ల్యాప్‌టాప్‌కి అదే శాపం.

ఉబుంటు అనే ఇంకో లైనక్స్ ఉంది, దాని 24.04 తీసుకో, మొదటి విడుదలలోనే కెర్నల్ 6.8 ఉంది. డెబియనే కావాలంటే 13 ఉంది, 2025 ఆగస్టులో వచ్చింది, అందులో 6.12. రెండింట్లో ఏదైనా లైవ్‌లో పెట్టి వైఫై చూడు. ఒకవేళ రాకపోయినా ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే నెట్ వస్తుంది, దానికి వేరే డ్రైవర్ అక్కర్లేదు. కొత్త మెషీన్‌కి పాత పెన్‌డ్రైవ్ ఇచ్చి "లైనక్స్‌లో వైఫై రాదు" అనే సీనియర్లే లైనక్స్‌కి సగం చెడ్డపేరు తెచ్చారు.

బురుజు_కాడ (కర్నూలు)
మరి అదే కదా నేనంటాండేది! విండోస్ లేకుంటే కెర్నల్ సంగతి పొద్దున్నే తెలుసుకునేవాడు. మేడం గారూ, కేరళలో బడి పిల్లలు ఏళ్లుగా లైనక్స్ మీదనే చదువుతాండారు. వాళ్లకి లేని కష్టం మనకేంది?

లెక్చరరమ్మ (కడప)
కేరళలో పాఠమూ పరీక్షా రెండూ దానిమీదే పెట్టింది ప్రభుత్వం. ఇక్కడ పాఠం మీరు చెప్తారు, పరీక్ష ఇంకెవరో పెడతారు. తేడా లేదూ?

డీటీపీ_మామ (కడప, ఏడు రోడ్ల దగ్గర)
పెళ్లి కార్డులు వేసుకునేవాణ్ని, నా గోడు కూడా వినండి. నా పనంతా అను తెలుగు ఫాంట్లు, పేజీలు కట్టే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ మీదే. పాతికేళ్ల ఫైళ్లు వాటిలోనే ఉన్నాయి. లైనక్స్‌లో యూనికోడ్ తెలుగు, అంటే ఫోన్లలో, నెట్‌లో వాడే తెలుగు, బ్రహ్మాండంగా కనబడుతుంది, ఒప్పుకుంటా. కానీ అను యూనికోడ్ కాదు. ఆ ఫైలు తెరిస్తే అక్షరాల బదులు ఇంగ్లీషు గుర్తులు వరసగా కనబడతాయి. పిల్లోడు చదువుకునేవాడు కాబట్టి వాడికి ఈ బాధ లేదు. నాలాంటోడికి మాత్రం "తీసెయ్" అని చెప్పడం సులువే.

సీమ_కెర్నల్ (అనంతపురం)
మామా, నీకు ఎవరూ తీసెయ్ అనలేదులే, కూర్చో.

తమ్ముడూ, విండోస్ ఉంచుకునేట్టయితే ఈ వరస తప్పొద్దు. కొత్త మెషీన్లలో డిస్క్ ఎన్‌క్రిప్షన్, అంటే డేటాకి వేసే తాళం, నీకు తెలియకుండానే ఆన్ అయి ఉంటుంది. బయోస్‌లో, అంటే విండోస్ లేవకముందే తెరుచుకునే మెషీన్ సెట్టింగ్స్‌లో, ఏదైనా మార్చావో, తర్వాత విండోస్ నీలం తెర వేసి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో అది ఉంటుంది, ముందే కాగితం మీద రాసుకో. తర్వాత ఫాస్ట్ స్టార్టప్ ఆపు. అది ఆన్‌లో ఉంటే విండోస్ పూర్తిగా ఆగదు, లైనక్స్ నుంచి ఆ డ్రైవ్‌లో రాయనీయదు. లైనక్స్ కోసం విండోస్ జాగా తగ్గించడం విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లోనే చెయ్.

గుర్తింపు ఉన్న సిస్టమ్‌లనే లేవనిచ్చే సెక్యూర్ బూట్‌ని ఆపమని యూట్యూబ్‌లో ప్రతివాడూ చెప్తాడు, నువ్వు ఆపకు. ఉబుంటు, ఫెడోరా, డెబియన్ అది ఆన్‌లో ఉన్నా లేస్తాయి. ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డు ఉంటే మాత్రం డ్రైవర్ వేసేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. రీస్టార్ట్ చేయగానే నీలం తెర వచ్చి పది సెకన్లు ఆగుతుంది. ఆలోగా ఏదో ఒక కీ నొక్కి, "ఎన్రోల్" ఎంచుకొని ఆ పాస్‌వర్డ్ ఇవ్వాలి. చాయ్‌కి లేచి పోయావా, డ్రైవర్ పని చేయదు, ఎందుకో కూడా తెలియదు. ఇన్‌స్టాలర్‌కి ఎస్‌ఎస్‌డీనే కనబడకపోతే డిస్క్‌ని నడిపే ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ సెట్టింగ్ అడ్డం ఉందని అర్థం. అప్పుడు బయోస్‌లో చేయి పెట్టకముందే ఇక్కడ అడుగు, నేరుగా మారిస్తే విండోస్ లేవదు.

టవర్‌క్లాక్_కుర్రోడు (అనంతపురం)
ఉబుంటు 24.04 లైవ్‌లో పెట్టానన్నా. వైఫై వెంటనే వచ్చేసింది! విండోస్ ఉంచుతున్నా, లైనక్స్‌కి 200 జీబీ ఇస్తున్నా. ఎన్విడియా లేదు. సీనియర్‌కి 6.1, 6.2 సంగతి చెప్తే "నా మెషీన్‌లో వస్తాంది కదా" అన్నాడు. అతనిది 2019 ల్యాప్‌టాప్.

బురుజు_కాడ (కర్నూలు)
సరేలే నీ ఇష్టం. కనీసం బూట్ వరసలో ఉబుంటు పైన పెట్టుకో. ఆన్ చేసి పక్కకు పోతే అదే లేవాల.

లెక్చరరమ్మ (కడప)
రికవరీ కీ ఫోటో తీసి ఆ ల్యాప్‌టాప్‌లోనే దాచలేదు కదా నాయనా?

టవర్‌క్లాక్_కుర్రోడు (అనంతపురం)
లేదు మేడం, ల్యాబ్ రికార్డు వెనక అట్ట మీద రాశా. రికార్డు సబ్మిట్ చేసేలోపు వేరే చోట రాసుకుంటా.