నీటిలో రంగును విడగొట్టే యూవీ రియాక్టర్ కడుతున్నాను, డిజైన్ చూసి చెప్తారా?

నీలిగాజు:
అందరికీ నమస్తే. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చివరి ఏడాది ప్రాజెక్టుగా ఫోటోక్యాటలిటిక్ రియాక్టర్ (కాంతి పడితే పనిచేసే క్యాటలిస్టుతో నడిచేది) కట్టాలని ఉంది. టైటానియం డయాక్సైడ్ పొడి (పీ25 రకం మా ల్యాబ్‌లో ఉంది) నీటిలో కలిపి, దాని మీద యూవీ కాంతి వేసి ముందు మిథిలీన్ బ్లూ అనే నీలి రంగును విడగొట్టాలి, అది సరిగ్గా పనిచేస్తే తర్వాత డైక్లోఫెనాక్ లాంటి మందు అవశేషాల మీదికి వెళ్లాలి. ప్రస్తుతానికి నా డ్రాయింగ్‌లో ఉన్నది అర లీటరు బీకరు, కింద మాగ్నెటిక్ స్టిరర్, బీకరు చుట్టూ యూవీ ఎల్ఈడీ స్ట్రిప్, అంతే. వస్తువులు కొనే ముందు డిజైన్ ఎవరికైనా చూపించు అని మా గైడ్ అన్నారు. 254 నానోమీటర్ల దీపం మంచిదా, 365 ఎల్ఈడీనా? పొడిగానే కలపాలా, గాజు మీద పూతగా వేయాలా? రంగు పోయిందంటే విడిపోయినట్టేనా? మా దగ్గర యూవీ-విజిబుల్ స్పెక్ట్రోఫోటోమీటర్ (నమూనా ఏ తరంగాన్ని ఎంత పీల్చుకుందో కొలిచేది) ఉంది, టీఓసీ మిషన్ (నీటిలో మిగిలిన మొత్తం సేంద్రియ కార్బన్‌ని కొలిచేది) లేదు. బీకరు బదులు ఒక అక్రిలిక్ గొట్టం కూడా దొరుకుతుంది.

దీపంపురుగు:
365 తీసుకోండి. మీ పొడిలో ఎక్కువ భాగం అనాటేజ్ అనే స్ఫటిక రూపం, దాని బ్యాండ్ గ్యాప్ (ఎలక్ట్రాన్‌ని కదిలించడానికి కాంతికి ఉండాల్సిన కనీస శక్తి) సుమారు 3.2 ఎలక్ట్రాన్ వోల్టులు, అంటే 387 నానోమీటర్ల కంటే పొట్టి తరంగం ఏదైనా సరిపోతుంది. 254 దీపంతో అసలు చిక్కు ఏంటంటే ఆ కాంతి క్యాటలిస్టు లేకుండానే చాలా అణువుల్ని నేరుగా తునకలు చేస్తుంది, అప్పుడు పని చేసింది మీ పొడా, దీపమా అనేది తేలదు. పైగా దానికి క్వార్ట్జ్ కావాలి, మామూలు గాజు దాటి రాదు. కళ్లకూ చర్మానికీ ప్రమాదం కూడా ఎక్కువ. 365 బోరోసిలికేట్ గాజులోంచి హాయిగా వెళ్తుంది.

స్ట్రిప్ కొనేటప్పుడు జాగ్రత్త. 'యూవీ' అని అమ్మే స్ట్రిప్‌లలో చాలా వాటి వెలుగు శిఖరం 395 నుంచి 405 నానోమీటర్ల మధ్య ఉంటుంది, ఊదా రంగులో బాగా వెలుగుతాయి కానీ అనాటేజ్ ఆ కాంతిని పెద్దగా పట్టుకోదు. పీ25లో ఐదో వంతు దాకా రూటైల్ (ఇంకాస్త పొడుగు తరంగాన్నీ పట్టుకునే మరో స్ఫటిక రూపం) ఉంటుంది కాబట్టి కొంత పని జరుగుతుంది, దాంతో 'పర్లేదు పనిచేస్తోంది' అనిపించి నెలల తరబడి మందకొడి రియాక్టర్‌తోనే గడిపేస్తారు. డేటాషీట్ చూడకుండా కొనకండి.

అక్రిలిక్ వద్దండి. మామూలు అక్రిలిక్‌లో యూవీని ఆపే పదార్థం కలిపే ఉంటుంది చాలావరకు.

మట్టికుండ_రియాక్టర్:
బీకరు డిజైన్ గురించి కాస్త గట్టిగానే చెప్తాను, ఎందుకంటే ఎక్కువ ప్రాజెక్టులు ఇక్కడే చతికిలబడతాయి. లీటరుకు ఒక గ్రాము పొడి కలిపితే ఆ నీళ్లు పాలలా తెల్లగా అయిపోతాయి, యూవీ ఒకటి రెండు సెంటీమీటర్లు కూడా లోపలికి పోదు, గోడ పక్కనే ఆగిపోతుంది. అర లీటరు బీకరు అడ్డం ఎనిమిది తొమ్మిది సెంటీమీటర్లు ఉంటుంది కదా, మధ్యలో ఉన్న నీళ్లంతా చీకట్లోనే తిరుగుతుంటాయి. పొడి ఇంకా పెంచితే వేగం పెరగదు, చీకటి భాగమే పెరుగుతుంది.

అందుకని గొట్టంలో గొట్టం పెట్టండి. లోపలి బోరోసిలికేట్ గొట్టంలో ఎల్ఈడీలు (అల్యూమినియం కడ్డీకి అతికించి, పైనుంచి చిన్న ఫ్యాన్, వేడెక్కితే ఎల్ఈడీ వెలుగు తగ్గిపోతుంది), బయటి గొట్టానికీ దానికీ మధ్య సెంటీమీటరు సందు, ఆ సందులోంచి ద్రవం పంపుతో తిరుగుతూ ఒక సీసాలోకి వచ్చి మళ్లీ వెళ్తుంది. నమూనాలు ఆ సీసాలోంచి తీయొచ్చు, గాలి బుడగలూ అక్కడే వదలొచ్చు. గాలి తప్పనిసరి. కాంతి పడినప్పుడు పుట్టే ఎలక్ట్రాన్‌ని ఆక్సిజన్ లాక్కుపోకపోతే అది తాను వదిలొచ్చిన ఖాళీలో (దాన్నే రంధ్రం అంటారు) తిరిగి పడిపోయి ఆ కాంతంతా వేడిగా పోతుంది, రంగు అణువుల్ని విరిచే హైడ్రాక్సిల్ రాడికల్స్ సరిగా పుట్టవు.

పొడా పూతా అన్నదానికి: మొదట పొడే, లీటరుకు 0.5 గ్రాముతో మొదలుపెట్టి అక్కడ్నుంచి అటూ ఇటూ చూడండి. పూత అయితే వడకట్టే బాధ ఉండదు నిజమే, కానీ రంగు అణువు ఆ పూత దాకా నడిచి రావడమే ఆలస్యమవుతుంది, వేగం పడిపోతుంది. నిజంగా వాడుకునే రియాక్టర్‌కి పూతే దారి అని నా అభిప్రాయం, ప్రాజెక్టు మొదటి సగానికి మాత్రం కాదు.

నీలిగాజు:
గొట్టంలో గొట్టం డ్రాయింగ్ రాత్రికి మళ్లీ గీస్తాను, థాంక్స్ అండి. ఒక్కటి మిగిలింది. టీఓసీ లేకుండా 'విడిపోయింది' అని ఎలా రాయాలి? వైవా అంటేనే ఆ ప్రశ్న టెన్షన్.

కార్బన్‌లెక్క:
ఆ ప్రశ్న మీకు రావడమే మంచిది, ఎందుకంటే రంగు పోవడం వేరు, అణువు పోవడం వేరు. మిథిలీన్ బ్లూ కథలో రంగు మూడు దారుల్లో పోవచ్చు. పొడికి అంటుకుపోవచ్చు, ఒక ఎలక్ట్రాన్ జత తీసుకుని రంగులేని ల్యూకో రూపంలోకి మారొచ్చు, లేదా నిజంగా విరగొచ్చు. మూడింటికీ స్పెక్ట్రోఫోటోమీటర్‌లో 664 నానోమీటర్ల దగ్గర కనిపించే రంగు శిఖరం ఒకేలా పడిపోతుంది.

మొదటిదానికి లైటు వేయకముందు అరగంట చీకట్లో తిప్పండి, శిఖరం స్థిరపడ్డాక ఉన్న విలువనే మొదలుగా తీసుకోండి. రెండోదానికి రంగు పోయిన నమూనాని వడకట్టి చీకట్లో గాలి పంపి చూడండి, నీలం తిరిగొస్తే అది ల్యూకో, అంటే మీ రియాక్టర్‌కి ఆక్సిజన్ చాలడం లేదు. మూడోదానికి సాక్ష్యం సల్ఫేట్. ఈ రంగు అణువులో ఒక గంధకం ఉంది, పూర్తిగా విరిగితే అది సల్ఫేట్‌గా బయటపడాలి. లీటరుకు 10 మిల్లీగ్రాముల రంగు పూర్తిగా పోతే దాదాపు 3 మిల్లీగ్రాముల సల్ఫేట్ రావాలి. అయాన్ క్రొమటోగ్రఫీ (నీటిలోని సల్ఫేట్ లాంటి అయాన్లను విడదీసి కొలిచే పద్ధతి) ఉన్న ల్యాబ్‌ని ఎక్కడైనా అడిగి కొన్ని నమూనాలు పంపండి, టీఓసీ కంటే తేలిగ్గా దొరుకుతుంది. సీఓడీ (నీటిలోని పదార్థాన్ని రసాయనంతో ఆక్సీకరించడానికి ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే పరీక్ష) చేద్దామనుకోవచ్చు, కానీ ఆ గాఢతలో వచ్చే విలువ లీటరుకు 20 మిల్లీగ్రాముల చుట్టుపక్కలే, మామూలు డైక్రోమేట్ టైట్రేషన్‌లో అంత చిన్న విలువను నమ్మలేం.

ఇవి కాక రెండు కంట్రోల్స్ లేకుండా గ్రాఫ్ చూపించకండి: పొడి లేకుండా లైటు ఒక్కటే, లైటు లేకుండా పొడి ఒక్కటే. మీరు డైక్లోఫెనాక్ అన్నారు, అది సూర్యకాంతికే కొంత విరిగే మందు, అక్కడ మొదటి కంట్రోల్ లేకపోతే లెక్కంతా పోయినట్టే. ఇంకో సంగతి, లీటరుకు 10 మిల్లీగ్రాముల రంగుకి ఒక సెంటీమీటరు క్యువెట్‌లో (నమూనా పోసే చిన్న పాత్ర) స్పెక్ట్రోఫోటోమీటర్ రీడింగ్ 2 దాటిపోతుంది, పలుచన చేసి కొలవండి.

దీపంపురుగు:
@కార్బన్‌లెక్క చెప్పినదానికి చిన్న చేర్పు. ఇప్పుడు చాలామంది మామూలు వెలుతురుతో పనిచేసే క్యాటలిస్టు చేశాం అని రంగు మీదే చూపిస్తుంటారు. ఆ రంగు తానే వెలుతురు పీల్చి ఎలక్ట్రాన్‌ని పొడిలోకి తోసేస్తుంది, తానే విరిగిపోతుంది, అందులో క్యాటలిస్టు గొప్ప ఏముంది? ఎప్పుడైనా అటువైపు వెళ్తే ఫీనాల్ లాంటి రంగులేని పదార్థం మీద చేయండి.

మట్టికుండ_రియాక్టర్:
నమూనా తీశాక పొడి తీసేయడం మర్చిపోకండి. 0.2 మైక్రాన్ల సిరంజి ఫిల్టర్ వాడండి, కానీ ముందు ఒట్టి రంగు నీళ్లు అందులోంచి పంపి ఎంత పట్టేస్తుందో చూడండి, కొన్ని ఫిల్టర్లు మిథిలీన్ బ్లూని బాగా పీల్చుకుంటాయి, అలాంటప్పుడు సెంట్రిఫ్యూజే నయం. సిలికాన్ పంపు గొట్టమూ అంతే, చీకటి పరీక్షను బీకరులో కాకుండా మొత్తం రియాక్టర్‌లోనే చేస్తే ఆ నష్టం కూడా అందులోనే తేలిపోతుంది. పొడి తూచేటప్పుడు మాస్క్ పెట్టుకోండి, పీల్చే టైటానియం డయాక్సైడ్ దుమ్మును ఐఏఆర్‌సీ (అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ) 2బీ వర్గంలో, అంటే మనుషుల్లో క్యాన్సర్ తెచ్చే అవకాశం ఉన్నవాటిలో పెట్టింది. 365 కాంతి కంటికి మసగ్గా కనిపిస్తుంది కాబట్టి తక్కువే అనుకుని తొంగి చూస్తారు, చూడొద్దు, యూవీ కళ్లద్దాలు పెట్టుకుని రియాక్టర్ చుట్టూ అల్యూమినియం ఫాయిల్ చుట్టేయండి. ఫాయిల్ మెరిసే వైపు లోపలికి ఉంటే తప్పించుకున్న కాంతి కూడా కొంత వెనక్కి వస్తుంది.