వెన్నుపాము దెబ్బకు స్టెమ్ సెల్స్: పొలం అమ్మి చేయించడం తప్పా?

పరకాల తమ్ముడు: మా అన్న గీత కార్మికుడు. తాటిచెట్టు మీంచి పడ్డాక నడుము కింద స్పర్శ లేదు. పట్నంలో ఒక క్లినిక్ వాళ్లు స్టెమ్ సెల్స్ (వేరే రకాల కణాలుగా ఎదగగల మూలకణాలు) ఎక్కిస్తామంటున్నారు. ఎకరం అమ్మితే సరిపోతుంది. జపాన్‌లో కియో యూనివర్సిటీ వాళ్లు నలుగురికి ఐపీఎస్ కణాలు (మామూలు కణాలను ల్యాబులో వెనక్కి మార్చి చేసిన స్టెమ్ సెల్స్) పెడితే ఒకాయన లేచి నిలబడ్డాడని 2025లో వార్త వచ్చింది. ఇంట్లో మాత్రం వద్దంటున్నారు.

భూపాలపల్లి: చెట్టు మీంచి పడకుండా గీత కార్మికులకు సర్కారు ఇచ్చే కాటమయ్య రక్ష కిట్ వాడలేదా?

పరకాల తమ్ముడు: కిట్లు రాకముందే పడ్డాడన్నా.

హన్మకొండ ఫిజియో: అమ్మొద్దు తమ్ముడూ. కియో వాళ్లు దెబ్బ తగిలిన 14 నుంచి 28 రోజుల మధ్య కణాలు పెట్టారు. మీ అన్నది పాత గాయం, లోపల మచ్చ కట్టి ఉంటుంది. పైగా అవి ఐపీఎస్ నుంచి పెంచిన నాడీ కణాలు. ఇక్కడి క్లినిక్‌లు ఎక్కువగా ఇచ్చేవి ఎముక మజ్జ నుంచో కొవ్వు నుంచో తీసినవి. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం వెన్నుపాముకు ఇవి ట్రయల్‌లో, అంటే అనుమతి ఉన్న పరిశోధనలో తప్ప ఇవ్వకూడదు. ట్రయల్ అయితే పేషెంటు దగ్గర డబ్బు తీసుకోకూడదు.

పరకాల తమ్ముడు: నలుగురిలో ఇద్దరికి మార్పు వచ్చింది మేడం. అంటే సగం. అది చెప్పరేం?

భూపాలపల్లి: పోలాండ్‌లో కూడా ఒకాయన నడిచాడు కదా?

హన్మకొండ ఫిజియో: ఆయనకు వెన్ను కత్తిపోటుతో తెగింది, పడి నలిగింది కాదు. వాసన నాడి కణాలు పెట్టి, కాలి నరం ముక్కలతో తెగినచోట అతికారు. దానికి తోడు ఏళ్ల తరబడి వ్యాయామం. పోర్చుగల్‌లో తన ముక్కు పొరనే వెన్నుపాములో పెట్టించుకున్న అమ్మాయికైతే ఎనిమిదేళ్ల తర్వాత వెన్నులో గడ్డ బయటపడింది. ఇక ఆ ఇద్దరి సంగతి: మొదటి వారాల్లో కణాలు పెట్టకపోయినా కొందరు కొంత కోలుకుంటారు. నలుగురితో ఏదీ తేలదు.

పరకాల తమ్ముడు: నలుగురిలో ఇద్దరంటే సగమే! కణాలతో లేచి నడిస్తే మీ సెషన్లకు ఎవరొస్తారు? అందుకే వద్దంటున్నారు.

హన్మకొండ ఫిజియో: నోరు జాగ్రత్త. మా పిన్ని బంగారం అమ్మి బాబాయికి ఇదే ఇంజెక్షన్ చేయించింది. కాలు కదల్లేదు. అందరూ కాళ్లనే చూస్తూ కూర్చున్నారు, నడుము కింద పడిన పుండును ఎవరూ చూడలేదు. ఆ పుండుతోనే పోయాడు.

వరంగల్ చదువరి: ఇంతకీ మీ అన్న ఏమంటున్నాడు?

పరకాల తమ్ముడు: వద్దంటున్నది ఆయనే. ఆ డబ్బుతో బాత్రూం వెడల్పు చేయించి, కిరాణా కొట్టు పెట్టించమంటాడు. ఆయనను పక్కకు తిప్పేది, మూత్రం పైపు వేసేది మా అమ్మ. అమ్మకు చేతకాని రోజు ఎవరు చేస్తారు? కొట్టు పెట్టామంటే ఇక లేవడని మేమే ఒప్పుకున్నట్టు. నేను ఒప్పుకోను.

హన్మకొండ ఫిజియో: నువ్వు ఒప్పుకోకపోయినా ఆ వెన్ను ఆయనది, పొలంలో వాటా కూడా ఆయనది. చేతులు బాగుంటే పైపు తనే వేసుకోవడం నేర్పిస్తాను, ఫీజు వద్దు. అమ్మకు సగం పని తగ్గుతుంది. క్లినిక్ వాళ్లను సీటీఆర్ఐ (దేశంలో ట్రయల్స్ నమోదు చేసే జాబితా) నంబరు అడుగు. నంబరు ఉన్నంత మాత్రాన అనుమతి ఉన్నట్టు కాదు. డబ్బు అడిగితే అక్కడే ఆగు.

పరకాల తమ్ముడు: పైపు నేర్పించండి, అన్నను తీసుకొస్తా. నంబరు కూడా అడుగుతా. అన్నీ సరిగ్గా ఉంటే మాత్రం అన్నను ఎలాగైనా ఒప్పిస్తా.