సమస్యాపూరణం: చీమ తలను చీల్చి చెట్టు మొలిచె

ఈసారి దెయ్యాలు, డ్రాగన్లు వద్దు. కల్పనాసాహిత్యం పెద్దగా పట్టించుకోని మూలల్లోంచి జీవులను తీసుకురండి. ఛందస్సు ఆటవెలది. ఇచ్చింది నాలుగో పాదం.

మొదటి పూరణ

రాత్రి కలను నేను రక్కసి లోకాన
తిరుగుచుండ వింత తెలిసె నొకటి
నవ్వవలదు మీరు నమ్మండి నామాట
చీమ తలను చీల్చి చెట్టు మొలిచె

వ్యాఖ్య: గణాలు, యతులు సరిపోయాయి. కానీ కల అనేస్తే ఏ సమస్యైనా తీరిపోతుంది కదండీ! అసాధ్యానికి కారణం చూపించడమే ఇక్కడి పని.

రెండో పూరణ

విత్తు తలను దాచి వెడలెను లోహపు
చీమ, మరుధరిత్రి చేరి కూలె,
వాన చినుకు పడిన వారమే గడువగా
చీమ తలను చీల్చి చెట్టు మొలిచె

వ్యాఖ్య: భలే! సోలార్‌పంక్ తరహా, అంటే సాంకేతికత, ప్రకృతి కలిసి సాగే భవిష్యత్తును ఊహించే కల్పన. యంత్రం భూమిని పాడుచేయకుండా పచ్చబరుస్తోంది. చీమ రూపమే ఎందుకంటే నిజం చీమలూ ఈ పని చేస్తాయి: కొన్ని విత్తనాలకు అంటుకున్న కొవ్వు ముద్ద కోసం వాటిని పుట్టకు మోసుకెళ్లి, ముద్ద తిని, గింజను పారేస్తాయి. అది అక్కడే మొలుస్తుంది. ఒక్కటే పేచీ, వారంలో మొలక వస్తుందేమో గానీ చెట్టు రాదు. ‘వారమే గడువగా’ బదులు ‘వత్సరాలకు నాటి’ అంటే యతీ నిలుస్తుంది, కాలమూ కుదురుతుంది.

మూడో పూరణ

బూజు మేన జొచ్చి బుద్ధినే నడిపించి
యాకు కరవజేసి యదను జూచి
కాడవోలె లేవ కదలని శవమందు
చీమ తలను చీల్చి చెట్టు మొలిచె

వ్యాఖ్య: ఇది ఊహ కూడా కాదు! ఓఫియోకార్డిసెప్స్ అనే శిలీంధ్రం వడ్రంగి చీమలను పట్టి, ఆకు ఈనెను కరిపించి చంపుతుంది. తర్వాత తల దగ్గర కాడ మొలుస్తుంది. దాన్ని చెట్టనడం కవికి చెల్లుతుంది. ‘బుద్ధినే నడిపించి’ దగ్గరే చిక్కు. 2017లో వచ్చిన పరిశోధనలో శిలీంధ్రం కండరాల చుట్టూ అల్లుకుని కనిపించింది, మెదడులోకి మాత్రం చొరబడలేదు. రసాయనాలతో ప్రభావితం చేస్తుండవచ్చు, అది వేరు. కథకు ఇదే ఎక్కువ భయంకరం: బుద్ధి మిగిలే ఉంది, ఒళ్లు మాత్రం తనది కాదు.

పూరణకర్త జవాబు: అయ్యో, అసలు భయాన్ని నేనే పోగొట్టుకున్నానన్నమాట! మొదటి పాదం మారుస్తున్నాను:

బుద్ధి మిగిలి యుండ బూజు కండల దూరి