ఎన్నికలకు విదేశీ సాయం: ఆ డబ్బు అసలు దేనికి ఖర్చవుతుంది?

కొత్తఓటరు
మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో మళ్లీ ఆ 2.1 కోట్ల డాలర్ల గొడవ లేచింది. మన ఓటింగ్ శాతం పెంచడానికి అమెరికా డబ్బు పంపిందని బాబాయి, అదంతా ఉత్తదేనని మా బావ, ఇద్దరూ తగ్గట్లేదు. ఇంతకీ ఈ రకం సాయం ఎవరి చేతికి వెళ్తుంది, దేనికి ఖర్చు పెడతారు? ఓట్లు కొనడానికా? పార్టీల గోల లేకుండా తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

లెక్కలపిచ్చి
మీ బావే కరెక్ట్. 2025 ఫిబ్రవరి 16న అమెరికా ప్రభుత్వ ఖర్చులు తగ్గించే మస్క్ డోజ్ బృందం పెట్టిన రద్దయిన నిధుల లిస్టులో ఇండియా పేరు ఉన్నమాట నిజం. అయితే వారం తిరక్కుండానే ఇండియన్ ఎక్స్‌ప్రెస్ వాళ్లు రికార్డులు తిరగేసి, ఆ 2.1 కోట్లు 2022లో బంగ్లాదేశ్‌కి మంజూరైనవని, అందులో 1.34 కోట్లు అప్పటికే ఖర్చయ్యాయని రాశారు. మన ఆర్థిక శాఖ 2023-24 వార్షిక నివేదికలో యూఎస్‌ఎయిడ్ (అమెరికా ప్రభుత్వ విదేశీ సాయం సంస్థ) ప్రాజెక్టులు ఏడు కనిపిస్తాయి, మొత్తం 75 కోట్ల డాలర్లవి, ఎన్నికల ఊసే లేదు. ఇంకోటి, మనం కూడా ఇచ్చేవాళ్లమే: ఐక్యరాజ్యసమితి 2005లో పెట్టిన ప్రజాస్వామ్య నిధికి ఇండియా 3 కోట్ల డాలర్లకు పైనే ఇచ్చింది. బాబాయి గారికి ఇది కూడా చెప్పండి.

పోలింగ్‌డ్యూటీ_టీచర్
ఓట్లు కొనడం కాదు బాబూ, ఎక్కువ భాగం ఓటరు లిస్టులు, ట్రైనింగులు, మెషీన్లు, పరిశీలకుల తిండీ తిప్పలకే పోతుంది. కెన్యా సంగతి చూడండి. అక్కడ బూత్‌లోనే ఓట్లు లెక్కపెట్టి, ఎవరికెన్ని వచ్చాయో ఫారం 34ఏ మీద రాసి ఏజెంట్ల సంతకాలు తీసుకుంటారు. పీవోగా (బూత్ ప్రిసైడింగ్ ఆఫీసరుగా) చేసినవాళ్లకి మన ఓట్ల లెక్క ఫారం 17సీ గుర్తొస్తుంది, కాకపోతే దాని మొదటి భాగంలో పోలైన ఓట్ల మొత్తమే ఉంటుంది, అభ్యర్థుల వారీ లెక్క కౌంటింగ్ రోజున రెండో భాగంలోకి వస్తుంది. 2017 ఆగస్టులో విదేశీ పరిశీలకులు, అమెరికా మాజీ విదేశాంగ మంత్రి జాన్ కెర్రీతో సహా, కెన్యా పోలింగ్ బాగా జరిగిందని మెచ్చుకుని వెళ్లారు. సెప్టెంబరు 1న అక్కడి సుప్రీంకోర్టు ఆ అధ్యక్ష ఎన్నికనే కొట్టేసింది! ఫారాలు చట్టం చెప్పినట్టు పంపలేదు, సర్వర్లు చూపించమంటే ఎన్నికల కమిషన్ పూర్తిగా చూపించలేదు. బయటివాళ్లు పోలింగ్ క్యూలు చూశారు, జడ్జీలు కాగితాలు చూశారు.

దాంతో 2022లో 46 వేలకు పైగా బూత్‌ల 34ఏ ఫోటోలు వెబ్‌సైట్లో పెట్టేశారు, ఎవరైనా కూడుకోవచ్చు. ఏడుగురు కమిషనర్లలో నలుగురు ఫలితం ఒప్పుకోం అని లేచి వెళ్లిపోయినా, అంకెలు అప్పటికే జనం ఫోన్లలో ఉన్నాయి. కోర్టు ఆ ఫలితాన్నే ఖాయం చేసింది.

ఎదురుగాలి
మాస్టారూ, కెన్యాలో కోర్టు గట్టిది కాబట్టి సరిపోయింది. అఫ్గానిస్తాన్‌లో మనమే దాదాపు 9 కోట్ల డాలర్లు పెట్టి పార్లమెంటు భవనం కట్టించాం, 2015 డిసెంబరు 25న మోదీ ప్రారంభించారు, ఆరేళ్లు నిండకుండానే తాలిబన్లు వచ్చారు. భవనం ఉంది, సభ లేదు. నమీబియాలో చూడండి, 2014లో మన బెల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) కంపెనీ ఈవీఎంలతో ఓట్లేశారు, 2020లో వాళ్ల సుప్రీంకోర్టు పేపర్ స్లిప్ లేకపోతే కుదరదనేసరికి మళ్లీ బ్యాలెట్‌కి వెళ్లారు. డబ్బులిచ్చేవాడికి వస్తువులు ఇవ్వడమే ఇష్టం, ఫోటో దిగొచ్చు కదా.

పోలింగ్‌డ్యూటీ_టీచర్
వస్తువుల మాట ఒప్పుకుంటా, 2004 అఫ్గాన్ ఎన్నికల్లో వేలి మీద పెట్టిన సిరా కడిగితే పోయిందని ఎంత రభస అయిందో. అయితే అన్నీ ఒకే గాటన కట్టొద్దు. కెన్యాలో ఎలాగ్ అని స్థానిక పరిశీలకుల బృందం ఉంది, బయటి సాయంతోనే కొన్ని బూత్‌లను శాంపిల్‌గా తీసుకుని విడిగా లెక్కలేస్తుంది, 2022లో ఆ లెక్క కమిషన్ లెక్కతో సరిపోయింది. నా దృష్టిలో పెట్టిన డబ్బుకి విలువ అక్కడుంది, మెషీన్లలో కాదు.

కొత్తఓటరు
మరి ఇప్పుడు యూఎస్‌ఎయిడ్ లేదుగా?

లెక్కలపిచ్చి
2025 జూలై 1తో సరి. కెన్యా ఎన్నికలు మళ్లీ 2027 ఆగస్టులో. ఫారాల ముద్రణకి ఇబ్బంది ఉండదు, అది వాళ్ల ఖజానా చూసుకుంటుంది. విడిగా లెక్కలేసే వాళ్లకే నిధుల కటకట.