ఆఫీసు స్కాన్ ఫోల్డర్‌కి పాస్‌వర్డ్ పెట్టాలా, అందరికీ తెరిచి వదిలేయాలా?

ద్వారకానగర్_ఆడిట్:
అందరికీ నమస్కారం. ద్వారకానగర్‌లో చిన్న ఆడిట్ ఆఫీసు మాది, నాతో కలిపి ఏడుగురం. కాపియర్ మీద స్కాన్ కొడితే ముందు గది కంప్యూటర్‌లో ఒక ఫోల్డర్‌లో పడేది, అక్కణ్నుంచి ఎవరిది వాళ్లు తీసుకునేవాళ్లు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆగిపోయింది కదా, అందుకని ఆ కంప్యూటర్ మార్చి విండోస్ 11 ప్రో ఉన్నది తెచ్చాం. అప్పట్నుంచి స్కాన్ పోవట్లేదు, మెషిన్ కనెక్ట్ కాలేదంటోంది. సర్వీస్ అబ్బాయి వచ్చి, ఎస్‌ఎంబీ1 అని, నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంపుకునే పాత పద్ధతట, అది ఆన్ చేసి ఫోల్డర్‌కి 'ఎవ్రీవన్, ఫుల్ కంట్రోల్' ఇచ్చేస్తే అయిపోతుందన్నాడు. మా తమ్ముడు ఫోన్‌లో విని వద్దే వద్దన్నాడు. క్లయింట్ల పాన్, ఆధార్, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఆస్తి పత్రాలు అన్నీ ఆ ఫోల్డర్‌లోనే పడతాయి. ఏం చెయ్యమంటారు?

గాజువాక_కాపియర్:
మాస్టారూ, ఆ అబ్బాయి చెప్పినట్టు చేసేయండి. నేనూ ఈ పనిలోనే ఉన్నాను. ఆటోనగర్ వర్క్‌షాపులు, పోర్టు దగ్గర కస్టమ్స్ ఏజెంట్ల ఆఫీసులు, ఇటు మధురవాడ దాకా తిరుగుతాను. పాత మెషిన్లలో చాలావాటికి ఎస్‌ఎంబీ1 తప్ప రాదు. దాన్ని ఆపేయమని చెప్పేవాళ్లెవరూ కొత్త మెషిన్ కొనివ్వరు. ఇక పాస్‌వర్డ్ సంగతి. పెట్టిన ప్రతిచోటా నెలన్నర తిరక్కుండా స్కాన్ ఆగిపోయిందని ఫోన్ వస్తుంది. ఆడిట్ రిపోర్టుల గడువు దగ్గరపడ్డాక రాత్రి పదింటికి ఆ ఫోన్ ఎత్తేది నేనే.

సీతమ్మధార_సిస్టమ్స్:
నెలన్నరకి ఎందుకు ఆగుతుందో ఎప్పుడైనా చూశారా? కమాండ్ లైన్‌లో ఖాతా తీస్తే దాని పాస్‌వర్డ్‌కి 42 రోజులే గడువు, విండోస్‌లో ముందునుంచీ ఉన్న లెక్క అది. 'పాస్‌వర్డ్ నెవర్ ఎక్స్‌పైర్స్' అని టిక్కు పెడితే మళ్లీ ఫోన్ రాదు. ఆ టిక్కు పెట్టకుండా తప్పు పాస్‌వర్డ్ మీదకి తోస్తే ఎలా?

ఎస్‌ఎంబీ1 మాత్రం ముట్టుకోకండి. 2017 మేలో వానాక్రై, ఫైళ్లు లాక్ చేసి డబ్బులడిగే వైరస్, వచ్చింది ఆ దారిలోనే. ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని అప్పుడు దెబ్బతిన్నాయి. ఆ ఏడాది చివర్లో వచ్చిన విండోస్ 10 నుంచి మైక్రోసాఫ్టే దాన్ని ఇన్‌స్టాల్ చెయ్యడం మానేసింది. నేను అప్పట్లో పనిచేసిన ఆఫీసులో స్కాన్ ఫోల్డర్ మొత్తం లాక్ అయిపోయింది. కొన్నేళ్ల ఫైళ్లు, ఒక్కటీ తెరుచుకోలేదు. మా సారు ఆ కుర్చీలో కూలబడి అలాగే ఉండిపోయారు. అది చూసినవాణ్ని, నాకు చెప్పకండి.

అల్లిపురం_కుర్రాడు:
స్కాన్ టు ఈమెయిల్ పెట్టేసుకోండన్నా, గొడవే ఉండదు.

గాజువాక_కాపియర్:
సీతమ్మధార గారూ, వానాక్రై రాకముందే, 2017 మార్చిలోనే మైక్రోసాఫ్ట్ ప్యాచ్ ఇచ్చింది. అప్‌డేట్లు వేసుకోనివాళ్లు దెబ్బతిన్నారు. మీ పాత ఆఫీసువాళ్లు అప్‌డేట్ వేసుకోకపోతే మా ఎస్‌ఎంబీ1 ఏం చేసింది?

సీతమ్మధార_సిస్టమ్స్:
అల్లిపురం తమ్ముడూ, జీమెయిల్‌లో అటాచ్‌మెంట్ 25 ఎంబీ దాటదు. 300 డీపీఐలో ఒక ఏ4 కలర్ పేజీ కుదించకుండా ఉంటేనే అంతకి కాస్త ఎక్కువ. మెషిన్ కుదించి పంపినా, లింకు డాక్యుమెంట్లతో, అంటే ఆ ఆస్తి పాత దస్తావేజులతో, కలిపి ఒక ఆస్తి ఫైలంటే ఎన్ని పేజీలో మీకే తెలుసు.

గాజువాక గారూ, ప్యాచ్ వేసినా అది నలభై ఏళ్ల నాటి పద్ధతే. ఉంచి తీరాలన్న పట్టుదల దేనికి?

జగదాంబ_సెంటర్:
అయ్యా, ముందు ఆ మెషిన్‌కి ఎస్‌ఎంబీ2, అంటే దాని తర్వాతి పద్ధతి, వస్తుందో రాదో చూడమనండి. అది తెలియకుండానే ఇద్దరూ కొట్టుకుంటున్నారు.

ద్వారకానగర్_ఆడిట్:
ఇప్పుడే మెనూ చూశాను. ఎస్‌ఎంబీ 2, 3 రెండూ ఉన్నాయి.

సీతమ్మధార_సిస్టమ్స్:
అయితే ఎస్‌ఎంబీ1 ఊసే అక్కర్లేదు. మీ విండోస్ 11 వెర్షన్ 24హెచ్2 కానీ ఆ తర్వాతది కానీ అయుంటుంది. విండోస్ 11 ప్రోలో అక్కణ్నుంచి ఎస్‌ఎంబీ సైనింగ్, అంటే వచ్చే ప్రతి మెసేజ్ మీదా అసలైనదేనన్న డిజిటల్ ముద్ర, తప్పనిసరి చేశారు. పాస్‌వర్డ్ లేకుండా గెస్ట్‌గా వచ్చే మెషిన్ సైన్ చెయ్యలేదు కాబట్టి గుమ్మంలోనే ఆపేస్తుంది. 'ఎవ్రీవన్' ఇచ్చినా అంతే. అంటే తెరిచి వదిలేయాలన్నా ముందు సైనింగ్ తీసేయాలి, ఉన్న కాపలా తీసేయాలి.

ఇలా చెయ్యండి. స్కాన్ కోసమే ఒక మామూలు లోకల్ ఖాతా తీయండి, అడ్మిన్ వద్దు. గట్టి పాస్‌వర్డ్ పెట్టండి, పైన చెప్పిన టిక్కు పెట్టండి. ఫోల్డర్ షేర్‌లో ఎవ్రీవన్ తీసేసి ఆ ఖాతాకి 'ఛేంజ్' ఇవ్వండి, సెక్యూరిటీ ట్యాబ్‌లో 'మాడిఫై' ఇవ్వండి. రెండుచోట్లా చూసుకోవాలి, దేంట్లో తక్కువుంటే అదే చెల్లుతుంది. మెషిన్ అడ్రస్ బుక్‌లో యూజర్ దగ్గర కంప్యూటర్ పేరు, బ్యాక్‌స్లాష్, ఆ తర్వాత ఖాతా పేరు కొట్టండి. పిన్ కొట్టకండి. పిన్ ఆ కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్లకే పనిచేస్తుంది, నెట్‌వర్క్ మీద పాస్‌వర్డే కావాలి. ఇక స్టాఫ్‌కి ఎవరి పేరుతో వాళ్లకి ఖాతా, ఎవరి ఫోల్డర్ వాళ్లకి.

గాజువాక_కాపియర్:
చూశారా, ఏడుగురికి ఏడు ఖాతాలు, ఏడు ఫోల్డర్లు. ఒకరు మానేస్తారు, ఇంకొకరు చేరతారు, ప్రతిసారీ నన్ను పిలుస్తారు, ఏఎంసీలో, అదే ఏడాది సర్వీసు ఒప్పందంలో, అది లేదంటే మొహం మాడ్చుకుంటారు. ఇవన్నీ రాసేవాళ్లు ఒక్కరోజు నా బండెక్కి తిరగండి.

మహారాణిపేట_రైటర్:
నేను దస్తావేజులు రాసే ఆఫీసుల్లో టైపింగ్ చేస్తాను. మొదట చేరినచోట అందరికీ ఒకటే ఫోల్డర్, అందరూ ఒకటే పేరుతో తెరిచేవాళ్లం. ఒక పార్టీ లింకు డాక్యుమెంటు స్కాన్ కనబడలేదు. రీసైకిల్ బిన్‌లో వెతికారు. నెట్‌వర్క్ ఫోల్డర్‌లోంచి తీసేసింది బిన్‌లోకి రాదని అక్కడ ఎవరికీ తెలీదు. నేను కొత్తదాన్ని, కాబట్టి నేనే అన్నారు. జీతంలో కోశారు. పార్టీ ముందే నన్ను నిలబెట్టి అడిగారు. 'అందరికీ ఫుల్ కంట్రోల్' అంటే మీకు తేలికే గాజువాక గారూ. ఏదైనా పోయిన రోజు ఆ అందరూ ఉండరు, అందర్లోకీ చిన్నవాళ్లే ఉంటారు.

అల్లిపురం_కుర్రాడు:
అక్కా, దారుణం.

గాజువాక_కాపియర్:
అమ్మా, మీకు జరిగింది అన్యాయమే, కాదనను. కానీ పేరుపేరునా ఖాతాలు పెట్టించే ఓనర్లు నాతో ఏమంటారో మీకు తెలీదు. తలుపు వేసి, గొంతు తగ్గించి, 'ఎవరు ఎన్నింటికి ఏం తెరిచారో నాకు కనబడాలి, వాళ్లకి చెప్పొద్దు' అంటారు. ఒకచోట అలా పెట్టి వచ్చాక ఇద్దరు పిల్లల్ని పంపేశారని విన్నాను. ఆ పని చేసిన చెయ్యి నాది. అప్పట్నుంచి నేను పెట్టను. నేను ఓపెన్ ఫోల్డర్ అంటే బద్ధకంతో అంటున్నానని సీతమ్మధార గారు అనుకుంటున్నారు, అనుకోనివ్వండి.

సీతమ్మధార_సిస్టమ్స్:
ఇది మొదటే చెప్పుంటే ఎస్‌ఎంబీ1 మీద ఇంత రాద్ధాంతం అయ్యేది కాదు. ద్వారకానగర్ గారూ, ఒక మాట సూటిగా అడుగుతాను. మీ ఆఫీసులో ఏమైనా పోయిందా?

ద్వారకానగర్_ఆడిట్:
పోయింది. ఒక క్లయింట్ సేల్ డీడ్ స్కాన్. ఒరిజినల్ తిరిగిచ్చేశాం, మళ్లీ అడిగితే ఆయన గొడవ చేశారు. ఇద్దరు స్టాఫ్ ఒకరి మీద ఒకరు చెప్పుకుని ఇప్పుడు మాట్లాడుకోవట్లేదు. ఎవరన్నది నాకు తెలియాలి కదండీ. డేటా రక్షణకి 2023లో చట్టం కూడా వచ్చింది, సరైన భద్రత పెట్టకపోతే జరిమానా 250 కోట్ల దాకా అని అందులో ఉంది. సంతకం నాది, బాధ్యత నాది.

మహారాణిపేట_రైటర్:
అయితే అడిగింది పాస్‌వర్డ్ గురించి కాదు సార్, దొంగని పట్టడం గురించి. తెలియాలంటే తెలుసుకోండి, కానీ ఆ రికార్డు మీ ఒక్కరికే కనబడితే అది మళ్లీ మీ మాటే అవుతుంది. నా మీద పడినప్పుడు నేను చూపించుకోడానికి నా దగ్గర ఏమీ లేదు. అదే నా బాధ.

సీతమ్మధార_సిస్టమ్స్:
ఆమె అన్నది న్యాయం. ప్రోలో ఆడిటింగ్, అంటే ఎవరేం చేశారో విండోసే రాసిపెట్టుకోవడం, ఆన్ చేసి, ఆ ఫోల్డర్ మీద డిలీట్‌కి పెడితే, ఎవరు తీసేసినా సెక్యూరిటీ లాగ్‌లో 4663 నంబరుతో ఖాతా పేరు, ఫైలు పేరు, టైము పడతాయి. డిలీట్ ఒక్కటే పెట్టండి. ఎవరు ఏం తెరిచి చదివారన్నది మీకు అనవసరం. స్టాఫ్‌ని కూర్చోబెట్టి చెప్పి మరీ పెట్టండి, అడిగినవాళ్లకి చూపించండి.

మహారాణిపేట_రైటర్:
ఓనరు చేతిలో అడ్మిన్ ఉంటుంది కదా, తుడిచేస్తే?

సీతమ్మధార_సిస్టమ్స్:
తుడిచేస్తే, ఎవరు తుడిచారో కూడా 1102 నంబరుతో లాగ్‌లో పడుతుంది.

గాజువాక_కాపియర్:
డిలీట్ ఒక్కటే, అదీ అందరికీ చెప్పి పెడతామంటే నాకు అభ్యంతరం లేదు. ఒక జాగ్రత్త. స్కాన్ ఖాతాకి డిలీట్ హక్కు తీసేస్తే మెషిన్ ఆగొచ్చు. కొన్ని మెషిన్లు ముందు తాత్కాలిక పేరుతో ఫైలు రాసి, పూర్తయ్యాక పేరు మారుస్తాయి, పేరు మార్చాలంటే ఆ హక్కు ఉండాలి. ఆ ఖాతా పాస్‌వర్డ్ మాత్రం స్టాఫ్‌కి ఎవరికీ ఇవ్వకండి, ఓనరుతో సహా దాంతో ఎవరూ ఫోల్డర్ తెరవకూడదు. కంప్యూటర్ స్లీప్‌లోకి పోకుండా పెట్టండి, రౌటర్‌లో దాని ఐపీ, అంటే నెట్‌వర్క్ అడ్రసు, మారకుండా రిజర్వ్ చెయ్యండి, నెట్‌వర్క్ ప్రొఫైల్ 'ప్రైవేట్'లో ఉందో లేదో చూడండి. సైనింగ్ జోలికి ఇప్పుడే పోకండి, ముందు పాస్‌వర్డ్‌తో ఒక పేజీ కొట్టి చూడండి.

ద్వారకానగర్_ఆడిట్:
పోయింది అప్పటి ఫోల్డర్‌లోది, దానికి ఏ రికార్డూ లేదు, కాబట్టి ఆ ఇద్దర్నీ ఇక దాని గురించి అడగను. రేపు పొద్దున అందర్నీ కూర్చోబెట్టి చెప్పాకే ఆడిటింగ్ ఆన్ చేయిస్తాను. అందరికీ ఫోల్డర్లు తీయిస్తాను, నాకూ వాళ్లలాగే మామూలు ఖాతా. అడ్మిన్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉండాలన్నది వాళ్లనే అడుగుతాను.