పిల్లి తిన్నదంటే సరే, జాతినే మింగేస్తోందా?

సంగం కుర్రాడు:
ఫ్లోరిడా దక్షిణాన కీ లార్గో అనే దీవిలో పుల్లలు పోగేసి గూడు కట్టే ఎలుక ఉంది. ఉడ్‌ర్యాట్ అంటారు. ఆ రకం ఆ దీవిలో తప్ప ఇంకెక్కడా లేదు. 1984 నుంచి అమెరికా ప్రభుత్వ రక్షణ జాబితాలో ఉంది. బయటి నుంచి వచ్చిన పిల్లులు, బర్మా కొండచిలువలే దాన్ని ఖాళీ చేస్తున్నాయంటున్నారు. నాకు నమ్మకం కుదరట్లేదు. అడవి కొట్టి ఇళ్లు కట్టుకుంది మనుషులు, నేరమేమో పిల్లి మీదా?

కావలి మాష్టారు:
2007లో రేడియో కాలర్ కట్టిన ఎలుక సిగ్నల్ పట్టుకుని పోతే, అది కొండచిలువ కడుపులో తేలింది. ఇంకేం కావాలయ్యా?

సంగం కుర్రాడు:
ఆ ఎలుకను తిన్నదనడానికి అది సాక్ష్యం మాష్టారూ, జాతి తగ్గిందనడానికి కాదు. మా చేలో గుడ్లగూబ రోజూ ఎలుకను ఎత్తుకుపోతుంది. కోతలప్పుడు చూడండి, ఎలుకలకేమన్నా కొదవుందా?

ఉలవపాడు అన్న:
పంట ఎలుకతో పోల్చకు తమ్ముడూ. అది పది పిల్లల్ని కూడా ఈనుతుంది, ఉడ్‌ర్యాట్‌కి ఈతకు మామూలుగా రెండే. పైగా మన ఎలుకకు గుడ్లగూబ తాతల నాటి శత్రువు, తప్పించుకోవడం తెలుసు. అక్కడ జూలలో పెంచి అడవిలో వదిలితే చాలావరకు వేటకే పోయాయి. చివరికి ఆ పనే మానుకున్నారు.

సంగం కుర్రాడు:
బోనులో పుట్టిన ఎలుకకు పిల్లి ఏం తెలుసన్నా? అది పరీక్షే కాదు.

ఒంగోలు అక్క:
ఈ మాట మాత్రం నిజమే. నాకు గట్టిగా అనిపించిన ఆధారం వేరే ఉంది. మా అమ్మవాళ్ల ఊళ్లో ఎలుకలు పట్టే యానాది తాత, కన్నం ముందు మట్టి చూసి లోపల ఎలుక ఉందో లేదో చెప్పేసేవాడు. తవ్విన మట్టి తాజాగా ఉంటే ఉన్నట్టే. నేను చూస్తుండగా ఒక్కసారీ తప్పలేదు. కీ లార్గోలోనూ అలాగే గూళ్లు చూశారు. అంతకుముందు ఆ ఎలుకలు గూళ్లు కట్టడం బాగా తగ్గించేసి, రాళ్ల సందుల్లో, పాత చెత్తలో తలదాచుకునేవి. అడవిలోంచి పిల్లుల్ని పట్టి తీసేశాక మళ్లీ పుల్లలు పోగేయడం పెరిగింది. అంటే పిల్లి తినే నాలుగింటితోనే పోదు, మిగతావాటి బతుకూ భయంతో మారిపోతుంది. ఇది ఏ కడుపు కోసినా కనబడదు.

సంగం కుర్రాడు:
ఇది బాగుందక్కా. అయినా హిందూ మహాసముద్రంలోని క్రిస్మస్ దీవి సంగతి చూడండి. 1899లో ఓడలో నల్ల ఎలుకలు దిగాయి, నాలుగైదేళ్లలో అక్కడి మాక్లియర్ ఎలుక మాయం. 2008లో మ్యూజియంలోని పాత నమూనాల డీఎన్ఏ చూస్తే, నల్ల ఎలుకలతో వచ్చిన రోగం ఆనవాళ్లు బయటపడ్డాయి. పిల్లి మీదకు తోసేసి ఊరుకుంటే ఆ సంగతి తెలిసేదా?

ఒంగోలు అక్క:
అందుకేగా తీసేసి చూడమనేది. ఇళ్లకూ పిల్లులకూ పోటీ పెట్టకు, ఇళ్లొచ్చాకే కదా వాటి పక్కన పిల్లులొచ్చేది.

సంగం కుర్రాడు:
సరే, పిల్లి కేసు ఒప్పుకుంటున్నా. కొండచిలువను తీసేసి చూసిందెవరు?

కావలి మాష్టారు:
అది కంటికి కనబడితే కదా తీసేది! ఫ్లోరిడాలోనే ఎవర్‌గ్లేడ్స్ అనే చిత్తడి నేలల్లో కుందేళ్లకు కాలర్లు కట్టి వదిలారు. చచ్చినవాటిలో 77 శాతం కొండచిలువల పొట్టలోకే పోయాయి. 2015 నాటి మాట.

సంగం కుర్రాడు:
కుందేలు లెక్క తెచ్చి ఎలుకకు రాస్తారా మాష్టారూ! మిషన్ వచ్చింది, కోత అయ్యాక రాత్రికి వస్తా.